రెండు వందల పద్నాలుగు ఫిర్యాదులు, ఒక్క ఫొటో

చెన్నకేశవులు ఢిల్లీకి భార్య ఉద్యోగం వెంట వచ్చినవాడు. సరోజకు కేంద్ర ప్రభుత్వంలో క్లర్కు ఉద్యోగం వచ్చి, మొదటి పోస్టింగే ఢిల్లీలో పడేసరికి, ఆయన ప్రొద్దుటూరులో ఒక ట్యుటోరియల్ కాలేజీలో సివిక్స్ చెబుతున్నాడు. మగవాడు పెళ్ళాం ఉద్యోగం వెంట పోవడమేమిటని బంధువుల్లో ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు. ఆయన ఆ నవ్వుల్ని పట్టించుకోలేదు. పంచాయతీలు, మునిసిపాలిటీలు, వాటి విధులు అంటూ ఆరేళ్ళుగా పిల్లల చేత బట్టీ పట్టించిన పాఠాన్ని అక్కడితో ఆపి, ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట పట్టుకుని ఆమె వెనకే రైలెక్కాడు.

అది ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఇప్పుడాయనకు యాభై ఎనిమిది. ఫరీదాబాద్‌లో సరోజకిచ్చిన గవర్నమెంటు క్వార్టర్సులో ఉంటారు. వసంత్ కుంజ్ దగ్గర ఒక పరిశోధన సంస్థలో ఆయన ఫీల్డ్ సూపర్‌వైజరు. రాష్ట్ర ప్రభుత్వాలూ, ఊళ్ళలో మునిసిపాలిటీలూ ఎలా నడుస్తున్నాయి, ఎక్కడ చతికిలబడుతున్నాయి, ఎందుకు చతికిలబడుతున్నాయి అని తేల్చి రిపోర్టులు రాయడం ఆ సంస్థ పని. పేపర్లో ప్రకటన చూసి పదకొండు రోజుల సర్వే కోసం చేరిన మనిషి ఇరవై నాలుగేళ్ళు ఉండిపోయాడు. సివిక్స్ పుస్తకంలో పేజీన్నర ఉన్న మునిసిపాలిటీ బయట ఇంత పెద్దదిగా ఉంటుందని తనకు అక్కడికి వచ్చాకే తెలిసిందని అంటాడు.

ఆ ఆఫీసులో అందరికీ విదేశీ డిగ్రీలు, ఇంగ్లీషు, కంప్యూటరు. ఈయనకున్నది ఒకటే విద్య, కూర్చోవడం. ఏ మునిసిపల్ ఆఫీసుకు పంపినా మొదటి అరగంట సర్వే ఫారం సంచిలోంచి బయటికి తీయడు. ప్యూను పక్కన బెంచీ మీద కూర్చుంటాడు. సరోజ వెల్లుల్లి కారం కలిపి ఇచ్చిన బొరుగుల పొట్లం విప్పుతాడు. వాళ్ళ మోకాళ్ళ నొప్పులు, ఆగిపోయిన బదిలీలు, పిల్లల మార్కులు అన్నీ వింటాడు. ఏ కుర్చీ మీద ఎంత దుమ్ముందో చూసి ఆ పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో అంచనా కడతాడు. ఆ అంచనా తప్పడం అరుదు. ఆయన హిందీలో ప్రొద్దుటూరు యాస పోలేదు. అది విని నవ్వుతూనే అవతలివాళ్ళు మెత్తబడేవారు. ఉత్తరాది ఆఫీసుల్లో అందరికీ ఆయన కేశవ్ జీ.

రెండేళ్ళ కిందట ఆ సంస్థ ఐదు చిన్న పట్టణాల మీద ఒక అధ్యయనం మొదలుపెట్టింది. జనం మొబైల్ యాప్‌లో పెట్టే ఫిర్యాదులు నిజంగా పరిష్కారమవుతున్నాయా లేదా అన్నది ప్రశ్న. పట్టణాల పేర్లు బయటపెట్టబోమని ముందే మాటిచ్చారు కాబట్టి, వాటికి టౌన్ ఎ, టౌన్ బి అని పేర్లు పెట్టుకున్నారు. కథ టౌన్ సి దగ్గర జరిగింది. ఢిల్లీ నుంచి బస్సులో రెండు గంటల దూరం. అంతకన్నా చెప్పకూడదు.

ఆ అధ్యయనాన్ని నడిపేది ప్రణతి. ముప్ఫై ఏళ్ళ పిల్ల, డాక్టరేట్ చేసింది. తల్లిదండ్రులు తెలుగువాళ్ళే, ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో పుట్టి పెరిగింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషూ హిందీ కలిపి చెబుతుంది. చెన్నకేశవుల్ని అంకుల్ అని పిలుస్తుంది. ఆయనకు ఆ పిల్లంటే ముచ్చట. ఆమె తెలివిని నలుగురి ముందూ మెచ్చుకునేవాడు, భోజనం మానేసి పనిచేస్తే కోప్పడేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ప్రణతి తన గదిలోంచి ల్యాప్‌టాప్ పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. టౌన్ సిలో ఫిర్యాదు మూసేయాలంటే, పని పూర్తయిందని చూపించే ఫొటో ఒకటి యాప్‌లో పెట్టాలి. ఆరు నెలల ఫొటోలన్నీ ఆమె కంప్యూటరు చేత పోల్పించి చూపించింది. రెండు వందల పద్నాలుగు మురుగుకాలువ ఫిర్యాదులకు ఒకే ఫొటో ఉంది. బాలికల పాఠశాల ముందు శుభ్రంగా ఉన్న కాలువ, దాని గట్టు మీద ముందుకాలు ఎత్తి నిలబడ్డ ఒక గోధుమరంగు మేక. వీధి ఏదైనా, నెల ఏదైనా అదే కాలువ, అదే మేక. ప్రతి ఫిర్యాదూ ఇరవై నాలుగు గంటల లోపే పరిష్కారమైనట్టు నమోదైంది. వాటన్నిటినీ మూసింది ఒక్కడే, శానిటరీ ఇన్‌స్పెక్టర్ ధరంపాల్.

ఆఫీసంతా మేకను చూసి నవ్వింది. చెన్నకేశవులూ నవ్వాడు. దొంగ పరిష్కారాలు అన్న పేరుతో ప్రణతి ఆ సాయంత్రానికే అధ్యాయం రాయడం మొదలుపెట్టింది. పత్రికలవాళ్ళు ఎగబడి వేసుకుంటారని పక్క గదిలోవాళ్ళు అన్నారు.

ఇంటికి పోయే మెట్రోలో కూర్చున్నాక ఆయన నవ్వు కాస్త తగ్గింది. టౌన్ సిలో మూడు రోజులు తిరిగినవాడు తనే. ధరంపాల్ చేత ఫారం నింపించినవాడూ తనే. పొట్టిగా, ఎండకు కమిలిన మొహంతో, మాటిమాటికీ ఫోను చూసుకుంటూ, ప్రతి ప్రశ్నకూ అంతా బాగానే ఉందని చెప్పి తప్పించుకున్నాడు ఆ మనిషి. అది కాదు ఆయన మనసులో మెదిలింది. ఆ ఊరి గల్లీల్లో తను నడిచాడు. ఇరవై నాలుగేళ్ళలో ఆయన ముక్కు చాలా ఊళ్ళు చూసింది. ఆ ఊరు అంత కంపు కొట్టలేదు.

రాత్రి భోజనం దగ్గర సరోజకు ఈ సంగతి చెప్పాడు. ఆమె అంత వింతపడలేదు. తమ సెక్షన్లో నెలాఖరుకు పెండింగు ఫైళ్ళు కనబడితే పైవాళ్ళు తిడతారని, ఏదో ఒక చిన్న సందేహం రాసి ఫైలును వెనక్కి పంపేస్తామని, ఆ పూటకు టేబులు ఖాళీ అవుతుందని, ఫైలు మళ్ళీ వచ్చాక అసలు పని చేస్తామని చెప్పింది. అంతా చెప్పి ఒక మాట అడిగింది.

"ఆ యప్ప ఫొటో అబద్ధం పెట్టినాడు సరే. కాలవ తీసినాడా లేదా అని ఎవరైనా అడిగినారా?"

ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రణతి గదికి వెళ్ళాడు. ఆ అధ్యాయం ఇప్పుడే రాయొద్దని అడిగాడు. ఆమె ఆశ్చర్యపోయింది. "అంకుల్, దిస్ ఈజ్ సాలిడ్ డేటా. ఇందులో డౌట్ క్యా హై?" అంది. ఆయన తన దగ్గరున్న ఒకే ఒక ఆధారం చెప్పాడు, ఆ ఊళ్ళో కంపు లేదని. చెబుతుంటే అది ఎంత పలచగా ఉందో ఆయనకే తెలుస్తోంది. ప్రణతి నవ్వలేదు, కానీ కంపును ఏ పట్టికలో వేయాలో తనకు తెలియదని మెల్లగా అంది.

ఇద్దరూ డైరెక్టర్ ఇంద్రాణి మేడం దగ్గరికి వెళ్ళారు. ఆవిడ మాట తక్కువ మనిషి. రెండు వైపులా విని, రిపోర్టు ఆలస్యం చేయలేనని, నాలుగు రోజులు మాత్రం ఇస్తానని, వట్టి చేతులతో వస్తే ప్రణతి రాసిందే ఉంటుందని చెప్పింది. ఆ సాయంత్రం ప్రణతి ఫిర్యాదుల జాబితా అచ్చుతీసి ఆయన చేతికిచ్చింది. ఆయన చెప్పింది నమ్మకపోయినా, ఏ వీధి తరవాత ఏ వీధికి వెళ్తే నడక తగ్గుతుందో జాబితాను అలా సర్ది ఇచ్చింది.

మొదటి రోజు ధరంపాల్ దొరకలేదు. ఆఫీసులో అడిగితే వార్డులో ఉన్నాడన్నారు, వార్డులో అడిగితే కోర్టు పని మీద వెళ్ళాడన్నారు. ఫోను ఎత్తలేదు. చెన్నకేశవులు సాయంత్రం దాకా ఆఫీసు వరండాలో కూర్చుని, బొరుగులు సగం ప్యూనుకిచ్చి, కొన్ని సంగతులు తెలుసుకున్నాడు. ఆ ఊరికి ఇరవై ఒక్క వార్డులు. ఐదుగురు ఇన్‌స్పెక్టర్లు ఉండాలి. ఒకాయన రిటైరయ్యాడు, ఒకాయన చనిపోయాడు, ఇద్దరు బదిలీ అయ్యారు. ఎవరి స్థానంలోనూ ఎవరూ రాలేదు. ఐదుగురి పనీ ధరంపాల్ నెత్తి మీదే ఉంది. అదికాక జనన మరణాల నమోదు, వీధికుక్కలు, ఓటర్ల జాబితా కూడా.

సాయంత్రం ధరంపాల్ వచ్చి వరండాలో ఈయన్ని చూసి ఆగిపోయాడు. మళ్ళీ ప్రశ్నలేనా కేశవ్ జీ అన్నాడు, విసుగ్గా. చెన్నకేశవులు ప్రశ్నలేవీ లేవని, రేపు ఆయన మోటారుసైకిలు వెనక కూర్చుని ఊరు చూస్తానని, అడ్డం రానని చెప్పాడు. ఫొటో సంగతి తమకు తెలిసిపోయిందనీ దాచకుండా చెప్పేశాడు. ధరంపాల్ మొహం పాలిపోయింది. చివరికి, పొద్దున ఆరింటికి బస్టాండు దగ్గర ఉండమన్నాడు.

ఆ రాత్రి ఆయన బస్టాండు పక్కన లాడ్జిలో పడుకుని, ఆరు కాకముందే వచ్చి నిలబడ్డాడు. రెండో రోజంతా ధరంపాల్ వెనక బండి మీద తిరిగాడు. నడుము పట్టేసింది. చూడాల్సింది మాత్రం చూశాడు. ఊరికి మురుగు లాగే మిషను బండి ఒక్కటే ఉంది. అదీ పక్క ఊరితో ఉమ్మడి, మంగళవారం, శుక్రవారం మాత్రం ఇటు వస్తుంది. శనివారం ఎవరైనా ఫిర్యాదు పెడితే ఇరవై నాలుగు గంటల్లో తీయడం బ్రహ్మతరం కాదు. యాప్ పెట్టిన ఆ గడువు దాటితే పై ఆఫీసులో గోడకున్న పెద్ద తెర మీద ఆ ఊరి పేరు పక్కన ఎర్ర చుక్క వెలుగుతుంది. సోమవారం వీడియో సమావేశంలో అందరి ముందూ తిట్లు పడతాయి. మొదటి రెండు నెలలూ ధరంపాల్ ఉన్నది ఉన్నట్టే పెట్టాడు. పని కాని ఫిర్యాదును తెరిచే ఉంచాడు. రెండు మెమోలు వచ్చాయి. వాటిని ఆయన బండి డిక్కీలో ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"నిజం రాసినప్పుడు మెమో ఇచ్చారు," అన్నాడు ధరంపాల్, ఒక చాయ్ దుకాణం ముందు బండి ఆపి. "మేకను పెట్టినప్పటి నుంచి ఎవరూ ఏమీ అనలేదు. మూడో నెల మా ఊరికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది."

అలాగైతే, ఏ కాలువ తీశారో ఏది ఇంకా తీయాలో ఎలా గుర్తుంటుందని చెన్నకేశవులు అడిగాడు. ధరంపాల్ ఫోను తీసి చూపించాడు. కార్మికుల్లో సగం మందికి చదువు రాదు. అందుకని రోజూ పొద్దున వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తన గొంతుతో పని చెబుతాడు. ఫలానా గల్లీలో టీచరమ్మ ఇంటి ముందు ఇంకా తీయలేదు, మంగళవారం మిషను మొదట అక్కడికే వెళ్ళాలి. ఫలానా చోట పార పని చాలు, ఇవాళే కానివ్వండి. సాయంత్రం వాళ్ళూ గొంతుతోనే జవాబిస్తారు, అయిందనో కాలేదనో. పదకొండు నెలల మాటలు ఆ ఫోనులో ఉన్నాయి. ఏ వీధిలో ఏ రోజు పని జరిగిందో ప్రభుత్వం యాప్‌లో లేదు, ఇక్కడ ఉంది.

చెన్నకేశవులు ఆ చాయ్ దుకాణం బల్ల మీద కూర్చుని రెండు గంటలు విన్నాడు. వింటుంటే కళ్ళు చెమర్చాయని తరవాత సరోజతో చెప్పాడు గాని, ఇంకెవరికీ చెప్పలేదు.

మూడో రోజు ఒక్కడే వెళ్ళాడు. జాబితాలోంచి ఇరవై ఇళ్ళు ఎంచుకుని తలుపులు తట్టాడు. పదిహేడిళ్ళలో కాలువ తీశారనే చెప్పారు. కానీ మర్నాడు కాదు, నాలుగు రోజులకో, వారానికో. ఒకావిడ గట్టిగానే దులిపింది. గుమ్మంలో మురుగు నిలిచి ఉండగానే సమస్య పరిష్కారమైందని ఫోనుకు మెసేజీ వచ్చిందట, ఎవరితో ఎగతాళి అని అడిగింది. రెండిళ్ళకు తాళాలు. ఇరవయ్యో ఇల్లు పాత ధాన్యం మండీ వెనక ఉంది.

ఆ ఇంటి ముందు మురుగు నల్లగా నిలిచి ఉంది. లోపల ఒక పెద్దాయన చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఫిర్యాదు పెట్టి ఇరవై మూడు రోజులైందని, మెసేజీ మర్నాడే వచ్చిందని, ఎవరూ రాలేదని, అప్పట్నుంచి తాను గడప దాటలేదని చెప్పాడు. కోపంగా కాదు, మామూలుగానే చెప్పాడు. చెన్నకేశవులు ఆయన పక్కన కాసేపు కూర్చుని, లేచి బయటికొచ్చి ధరంపాల్‌కు ఫోను చేశాడు. ఎక్కడున్నా సరే రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు.

ధరంపాల్ వచ్చాడు. కాలువను చూశాడు, గుమ్మంలో కుర్చీని చూశాడు. తన ఫోను తీసి ఇరవై మూడు రోజుల కిందటి మాటలు పెట్టి ఆ వీధి పేరు కోసం వెతికాడు. దొరకలేదు. చెప్పడం మరిచిపోయాడు. యాప్‌లో మూసేశాడు కాబట్టి గుర్తుచేసేది ఏదీ లేదు.

"ఇది కూడా రాస్తాను," అన్నాడు చెన్నకేశవులు.

ధరంపాల్ తలెత్తకుండానే రాయమన్నాడు. తరవాత పెద్దాయన దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుని తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఆ రోజు మిషను రాదు. ముగ్గురు మనుషుల్ని పిలిపించి, పారలూ బకెట్లూ తెప్పించి, తానూ ప్యాంటు మడిచి నిలబడి, చీకటి పడకముందే దారి చేయించాడు. పెద్దాయన కుర్చీని వీధి చివరిదాకా తోసుకెళ్ళింది చెన్నకేశవులే.

నాలుగో రోజు పొద్దున ఢిల్లీ తిరిగొచ్చి ప్రణతి ముందు అన్నీ పెట్టాడు. ధరంపాల్‌ను అడిగి తెచ్చుకున్న ఆ పదకొండు నెలల మాటలు, రెండు మెమోల నకళ్ళు, ఇరవై ఇళ్ళ ఫారాలు. మండీ వెనక ఇంటి ఫారం అన్నిటికన్నా పైన పెట్టాడు. ప్రణతి చాలాసేపు చదివింది. చదివాక ఒప్పుకోలేదు. అబద్ధం అబద్ధమే కదా అంకుల్, ఫొటో ఫేకే కదా అంది. మంచి మనిషైనంత మాత్రాన దాన్ని దాచలేం కదా అంది.

"దాచమని నేనన్లేదుమ్మా," అన్నాడాయన. "ఫొటో అబద్ధం. పని అబద్ధం కాదు. ఆ ముసలాయన ఇరవై మూడు దినాలు గడప దాటలేదు, అదీ అబద్ధం కాదు. మూడూ రాయి. ఒకటే రాస్తే మనం పెట్టేది కూడా ఇంకో మేక ఫొటోనే అవుతుంది."

ప్రణతి ధరంపాల్ మాటలు ల్యాప్‌టాప్‌లో పెట్టి వినడం మొదలుపెట్టింది. ఆ ఊరి హిందీ ఆమెకు సగమే తెలిసింది. మిగతా సగం ఆయన పక్కన కూర్చుని చెప్పాడు. నాలుగు రోజులిచ్చిన ఇంద్రాణి మేడం, మొదటి వంద వాట్సాప్ మెసేజీలు విన్నాక, తనే ఇంకో మూడు వారాలిచ్చింది. ఆ మూడు వారాలూ ఆ గదిలోంచి ధరంపాల్ గొంతే వినిపించేది. మధ్యమధ్యలో కార్మికులకు పండగ శుభాకాంక్షలు, ఎవరి కూతురికో జ్వరం ఎలా ఉందన్న వాకబు, ఒకరోజు పూర్తిగా బొంగురుపోయిన గొంతుతో తానివాళ రాలేనని, మండీ వైపు మరవొద్దని. అది విన్నాక ప్రణతి ల్యాప్‌టాప్ ఆపి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

లెక్క తేలింది. యాప్ ప్రకారం సగటున పద్దెనిమిది గంటలు, నిజానికి ఆరు రోజులు. వందలో తొమ్మిది పనులు అసలు జరగనేలేదు.

అక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. పేరు రాయకపోయినా, టౌన్ సి ఏ ఊరో పై ఆఫీసులో ఎవరైనా పోల్చుకోగలరు. ఆ ఊళ్ళో ఇన్‌స్పెక్టర్ ఒక్కడే. రిపోర్టు వచ్చిన మర్నాడే ధరంపాల్‌ను సస్పెండ్ చేస్తారు. ఉద్యోగానికి ముప్పు రాదని చెన్నకేశవులు ఆయనకు నోటిమాటగా భరోసా ఇచ్చి వచ్చాడు. రెండు రోజులు ఆయనకు అన్నం సయించలేదు. దారి ప్రణతికే తట్టింది. మిగతా నాలుగు పట్టణాల ఫొటోలు కూడా అలాగే పోల్చి చూసింది. మూడింటిలో అదే కథ. ఒక ఊళ్ళో అదే వీధిదీపం, ఒక ఊళ్ళో అదే చెత్తకుండీ, ఇంకో ఊళ్ళో అదే గోడ. మేక ఒక్కటే టౌన్ సిది. అధ్యాయం పేరు మారిపోయింది. ఒక మనిషి చేసిన మోసం గురించి మొదలైంది, మనుషుల్ని ఇవ్వకుండా గడువు మాత్రం ఇచ్చే పద్ధతి గురించి ముగిసింది. మేక ఫొటోను ప్రణతి తనే తీసేసింది. అది ఉంటే పత్రికలు ఎగబడేవని ఆమెకు తెలుసు.

రిపోర్టు విడుదల ఢిల్లీలో ఒక హాల్లో జరిగింది. రాష్ట్రాల నుంచి అధికారులు వచ్చారు. చెన్నకేశవులు అలవాటు ప్రకారం వెనక వరసలో, వచ్చినవాళ్ళ సంతకాల కాగితం పట్టుకుని కూర్చున్నాడు. ప్రణతి చక్కగా చెప్పింది. ప్రశ్నల సమయంలో ముందు వరసలో ఒక పెద్ద అధికారి లేచి, అధ్యయనం బాగుంది, ఆ ఇన్‌స్పెక్టర్ల పేర్లు ఇస్తే చర్య తీసుకుంటామన్నాడు. ప్రణతి పరిశోధన నియమాల గురించి ఏదో చెప్పబోయింది. ఆయన వినిపించుకోలేదు, మళ్ళీ పేర్లే అడిగాడు. ఇంద్రాణి మేడం వేదిక మీద నుంచి వెనక వరసకేసి చూసి, ఆ ఊళ్ళు తిరిగిన మనిషి ఇక్కడే ఉన్నాడు, కేశవ్ జీ చెబుతారంది.

ఇరవై నాలుగేళ్ళలో ఆయన ఆ సంస్థ వేదికల మీద మైకు పట్టుకోలేదు. చేతిలో కాగితం పక్క కుర్చీలో పెట్టి లేచాడు. మాట ఆయన ప్రొద్దుటూరు హిందీలోనే, ట్యుటోరియల్ కాలేజీలో పాఠం చెప్పినట్టుగానే వచ్చింది.

"పేర్లు ఇస్తే నలుగురు దొరుకుతారు సార్. ఆ నలుగురినీ తీసేస్తే నాలుగు ఊళ్ళలో కాలువ తీయించేవాడు ఉండడు. వాళ్ళ పక్కన ఉండాల్సిన వాళ్ళ కుర్చీలు నేను చూశాను. ఐదేళ్ళ దుమ్ముంది. మీరు అడగాల్సిన పేర్లు ఆ కుర్చీల్లో ఎవరు కూర్చోబోతున్నారో వాళ్ళవి."

అధికారి కోప్పడతాడేమోనని ప్రణతి భయపడింది. ఆయన కోప్పడలేదు. మరి నిజాయితీగా చెబితే కాలువ తీయడానికి ఎన్ని రోజులు పెట్టాలి అని అడిగాడు. మిషను ఒకటుంటే వారం, రెండుంటే మూడు రోజులు అని చెన్నకేశవులు తడుముకోకుండా చెప్పాడు. అధికారి కాగితం మీద రాసుకున్నాడు. అంతే. తరవాత టీ ఇచ్చారు.

ఆ రాసుకున్నది ఎక్కడికి పోయిందో ఏడు నెలల దాకా ఎవరికీ తెలియలేదు. చాలా రిపోర్టులు బీరువాల్లోకే పోతాయని చెన్నకేశవులుకు తెలుసు, అందుకని ఎదురుచూడలేదు. ఏడో నెలలో ఉత్తర్వు వచ్చింది. మురుగుకాలువ ఫిర్యాదుకు గడువు వారం చేశారు. యాప్‌లో పరిష్కారమైంది, కాలేదు అన్న రెండింటికి తోడు, పని జరుగుతోంది, ఫలానా రోజుకు అవుతుంది అన్న మూడో గడి పెట్టారు. టౌన్ సికి ఇద్దరు కొత్త ఇన్‌స్పెక్టర్లను వేశారు. కావలసింది నలుగురు. మిషను మాత్రం ఇప్పటికీ ఒకటే.

రిపోర్టు అట్ట మీద ప్రణతి పేరు కింద చెన్నకేశవులు పేరు ఉంది. అంతకుముందు ఆయన పేరు ఎప్పుడూ లోపలి పేజీలో, కృతజ్ఞతల్లో, ఫీల్డు బృందం అన్న మాటలో కలిసిపోయి ఉండేది. తనకెందుకమ్మా అని ఆయన మొహమాటపడితే, ప్రణతి మొదటిసారి పూర్తి తెలుగులో, "మీరు లేకపోతే నేను తప్పు రాసేదాన్ని అంకుల్," అంది. ఆ ప్రతిని సరోజ తన సెక్షనుకు పట్టుకుపోయి వారం రోజులు తిరిగి తేలేదు.

మొన్న మాఘమాసంలో ధరంపాల్ వాళ్ళిద్దర్నీ ఇంటికి భోజనానికి పిలిచాడు. సరోజ ఆ ఊరు చూడటం అదే మొదటిసారి. బస్టాండు నుంచి ఇంటిదాకా నడిపించుకుని పోతూ ధరంపాల్ ప్రతి గల్లీ గురించీ చెబుతున్నాడు. దారిలో ఒక నడివయసు ఆవిడ అడ్డం వచ్చి, ఫోను చూపించి, కాలువ పొంగి రెండు రోజులైంది, పని జరుగుతోందని ఇందులో ఉంది, ఎక్కడ జరుగుతోందని నిలదీసింది.

ధరంపాల్ చేతులు జోడించాడు. "ఇవాళ జరగడం లేదు మాతాజీ. శుక్రవారం మిషను వస్తుంది. మీ వీధి మొదటిది."

ఆవిడ ఇంకా కోపంగానే ఉంది. అయితే శుక్రవారం దాకా మనవణ్ణి అటువైపు ఆడుకోనివ్వనని, శుక్రవారం తాను గుమ్మంలోనే కూర్చుని ఉంటానని హెచ్చరించి వెళ్ళిపోయింది. ధరంపాల్ అక్కడే నిలబడి ఫోను నోటి దగ్గర పెట్టుకుని కార్మికులకు ఆ వీధి పేరు చెప్పాడు. సరోజకు ఆ హిందీ సరిగా అర్థం కాలేదు. ఏమంటాండాడని భర్తను అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె తల ఊపి, పొద్దెక్కుతోంది, వాళ్ళావిడ రొట్టెలు చేసి ఎదురుచూస్తుంటుంది, పదండి అంది.